గట్టెక్కిన సోమశిల

పిల్లలూ! తెలుగునాట సోమశిలలు రెండున్నవి. ఒకటి నెల్లూరు జిల్లాలో పెన్నానది మీద ఉన్నది. అక్కడ పెద్ద జలాశయం కట్టారు కనుక దాని పేరు మీరు భూగోళ పాఠంలో వినే ఉంటారు. రెండవది నాగర్‌కర్నూలు జిల్లాలో, కొల్లాపురానికి పది కిలోమీటర్ల లోపున, కృష్ణానది ఒడ్డున ఉన్నది. దీని పేరుతో ఆనకట్ట ఏదీ లేదు. అంతేకాదు, ఎక్కడో దిగువన కట్టిన ఆనకట్ట నీరు వెనక్కు ఎక్కి వస్తే, ఇది తన పాత చోటు విడిచి గట్టెక్కవలసి వచ్చింది. నేను మీకు చెప్పబోయేది ఈ రెండవ సోమశిల సంగతి.

“ఇంత చిన్న ఊరికి చరిత్ర ఏముంటుంది?” అని మీరు అడగవచ్చు. నేను ఆ ఊరికి బయలుదేరినప్పుడు మా ఇంట్లో పిల్లలు కూడా ఇదే మాట అన్నారు. రాజుల చరిత్రకు శాసనాలుంటవి, పుస్తకాలుంటవి. చిన్న ఊరి చరిత్రకు ఆ ఊరి ముసలివాళ్లు, ఆ ఊరి రాళ్లు, ఆ ఊరి నీళ్లు—ఇవే సాక్ష్యం. ఓపికగా అడిగితే అవి చాలా చెబుతవి.

హైదరాబాదు నుండి వెళ్లేవారు జడ్చర్ల, నాగర్‌కర్నూలు మీదుగా కొల్లాపురం చేరాలి. కొల్లాపురం అనగానే ఇప్పుడందరికీ మామిడిపండ్లు గుర్తుకు వస్తవి. పూర్వం అది జటప్రోలు సంస్థానానికి రాజధాని. సురభి వంశపు ప్రభువులు మొదట కృష్ణ ఒడ్డున జటప్రోలులో ఉండి, తరువాత కొల్లాపురానికి మారారు. ఆ కథ పెద్దది, మరొకప్పుడు చెప్పుకుందాం. ఊరు దాటి కొంతదూరం పోయాక రోడ్డు పల్లానికి దిగుతుంది. చేలు, చెట్లు, పశువులు కనిపిస్తూ ఉండగానే ఉన్నట్టుండి ఎదురుగా నీరు ప్రత్యక్షమవుతుంది. ఎంత నీరనుకున్నారు! అవతలి గట్టు సన్నని గీతలాగా ఉంటుంది. దాని వెనుక నల్లమల కొండలు నీలంగా కనిపిస్తవి. మొదటిసారి చూసేవారికి ఇది నదో, సముద్రమో తేలదు.

నిజానికి అది నదే. అయితే నిలబడిపోయిన నది.

కృష్ణ మహారాష్ట్రంలో సహ్యాద్రి కొండలమీద, మహాబలేశ్వరం దగ్గర పుట్టింది. సముద్రంలో కలిసేలోగా దాదాపు 1,400 కిలోమీటర్లు నడుస్తుంది. సోమశిల చేరేసరికి సగానికి పైగా ప్రయాణం అయిపోయినట్టే. దారిలో వేణి, మలాపహారిణి, భీమ వచ్చి కలుస్తవి. మలాపహారిణి అంటే పటంలో మలప్రభ అని ఉంటుంది. తరువాత కృష్ణ గద్వాల, వనపర్తి జిల్లాల నడుమగా వచ్చి, అలంపురం దగ్గర తుంగభద్రను కలుపుకొంటుంది. తుంగభద్ర తానే రెండు నదుల జత అని మీకు తెలుసు కదా! ఆ తరువాత సోమశిలకు ఎదురుగట్టున, సంగమేశ్వరం దగ్గర, భవనాసి అనే చిన్న నది వచ్చి చేరుతుంది. ఇప్పుడు లెక్కపెట్టండి: కృష్ణ, వేణి, మలాపహారిణి, భీమ, తుంగ, భద్ర, భవనాసి. ఏడు! అందుకనే ఆ చోటును సప్తనదీ సంగమం అంటారు. ఏడు నదులూ అక్కడే వచ్చి కలుస్తవని కొందరు అనుకుంటారు. అట్లా కాదు. ఆరు నదులు కలిసి వచ్చిన నీటిలో ఏడవది అక్కడ చేరుతుంది. పెళ్లివారి బండ్లు ఒక్కొక్క ఊళ్లో చుట్టాలను ఎక్కించుకుంటూ వచ్చినట్టన్నమాట.

సోముడంటే చంద్రుడు, శిల అంటే రాయి. చంద్రుణ్ణి తలమీద పెట్టుకున్న శివుడు సోమేశ్వరుడు. ఇక్కడి గుడి లలితా సోమేశ్వరులది. ఒక్క గుడి కాదు, పదిహేను గుళ్ల సముదాయం. పన్నెండు జ్యోతిర్లింగాల పేర్లతో పన్నెండు లింగాలు ఇక్కడ ఉన్నవి. కాశీ, రామేశ్వరం, కేదారం పోలేని పల్లెవాళ్లు ఒక పూటలో పన్నెండింటినీ ఇక్కడనే చూసుకొని ఇంటికి పోవచ్చు. ఈ ఏర్పాటు చేసినవారెవరోగాని బీదవాళ్ల కష్టం తెలిసినవారని నాకు తోచింది. పన్నెండేళ్లకొకసారి, బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు, కృష్ణకు పుష్కరాలు వస్తవి. గురుగ్రహం సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు పన్నెండేళ్లు పడుతుంది, అదీ కారణం. 2016 ఆగస్టులో వచ్చిన పుష్కరాలకు సోమశిల ఘట్టం జనంతో నిండిపోయింది.

ఆ గుళ్ల ముందు నిలబడి చూస్తే అవి ఎప్పటినుండో అక్కడే ఉన్నవనిపిస్తుంది. కాని అవి అక్కడివి కావు.

1963 జులైలో శ్రీశైలం దగ్గర కృష్ణమీద ఆనకట్టకు నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1981 నాటికి ఆనకట్ట నీటిని నిలిపేటట్టయింది. 1982లో విద్యుత్తు మొదలయింది. శ్రీశైలం సోమశిలకు చాలా దూరాన, కొండల అవతల ఉన్నది. అక్కడ గోడ కడితే ఇక్కడ ఊరెందుకు మునిగింది? ఇది తెలియాలంటే మీరొక చిన్న పని చేయాలి. ఒక పెద్ద తాంబాళంలో తడిమట్టితో గుట్టలూ, గుంటలూ, నడుమ ఒక వంకరటింకర కాలువా చేయండి. కాలువకు ఒక కొసన మట్టితో అడ్డుకట్ట వేయండి. ఇప్పుడు నెమ్మదిగా నీరు పోయండి. నీరు కట్ట దగ్గర ఆగి, కాలువ వెంబడి వెనక్కు ఎక్కుతుంది. ప్రతి గుంటలోకీ దూరుతుంది. ఎంత దూరం పోయినా నీటిమట్టం మాత్రం అంతటా ఒక్కటే. నీరు నిలిచిన అంచును పుల్లతో గీయండి. ఆ గీత లోపలిదంతా మునిగినట్టు, వెలుపలిదంతా మిగిలినట్టు.

శ్రీశైలం ఇంజనీర్లు గీసిన గీత సముద్రమట్టానికి 885 అడుగుల ఎత్తున ఉన్నది. జలాశయం నిండినప్పుడు నీరు 600 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుంటుంది. హైదరాబాదు హుసేన్‌సాగరం వంటి చెరువులు వందకు పైగా అందులో పడతవి. ఆ గీత లోపల మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్లు సుమారు వంద ఉన్నవి. అందులో పాత సోమశిల ఒకటి. లక్షమందికి పైగా మనుషులు ఇళ్లు విడిచారు. 1981 వేసవిలో చాలా ఊళ్లను బలవంతాన ఖాళీ చేయించారు. వానలు వచ్చేలోగా పని ముగియాలన్న తొందర సర్కారుకు. ఈ సంవత్సరం కాకపోతే వచ్చే సంవత్సరం పోదాం, ఇంకొక పంట తీసుకుందాం అని ఊళ్లవాళ్లకు.

మనుషులు నడిచి పోగలరు. మరి గుళ్లు?

ఇక్కడ ఒక చక్కని సంగతి ఉన్నది. మన పాత రాతిగుళ్లలో చాలావాటిని సున్నంతో అతికించలేదు. రాయిమీద రాయి పేర్చారు. పైరాయి బరువే కిందిరాతిని కదలకుండా పట్టుకుంటుంది. కనుక వాటిని మళ్లీ విప్పవచ్చు! మొదట గుడికి అన్నివైపులనుండి ఛాయాచిత్రాలు తీస్తారు, కొలతలు వేసి పటాలు గీస్తారు. ప్రతి రాతిమీదా ఒక అంకె వేస్తారు. అదే అంకె పటంలోనూ వేస్తారు. తరువాత శిఖరంనుండి మొదలుపెట్టి ఒక్కొక్క రాయి దించుతారు. కట్టేటప్పుడు పునాది మొదట, శిఖరం చివర. విప్పేటప్పుడు శిఖరం మొదట, పునాది చివర. ఒక అంకె చెరిగిపోతే చాలు, ఆ రాయి ఏ వరుసదో తెలియక మేస్త్రీ తల పట్టుకోవలసిందే. కొత్తచోట గట్టి పునాది వేసి, అంకెల ప్రకారం అడుగునుండి పేర్చుకుంటూ పోతారు.

ఇట్లా గుళ్లు మీదికి తరలినవి. సోమశిల గుళ్లను కొత్త ఊరి పక్కన ఎత్తున నిలిపారు. జటప్రోలు గుళ్లనూ తరలించారు. కృష్ణా తుంగభద్రల కూడలిలో కూడవెల్లి అనే చోట బాదామి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. భారత పురావస్తు శాఖవారు దానిని విప్పి అలంపురం తెచ్చి కట్టారు. మీరు జోగులాంబ గుడికి పోయినప్పుడు దానిని కూడా తప్పక చూడండి. ఎదురుగట్టు సంగమేశ్వరంనుండి రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు జగన్నాథగట్టు ఎక్కింది.

ఈ విద్య మనవాళ్లకు కొత్తది కాదు. ఇదే కృష్ణమీద నాగార్జునసాగరం కట్టేటప్పుడు 1954నుండి 1960వరకు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపి, బౌద్ధ కట్టడాలను కొన్నిటిని కొండమీదికి చేర్చారు. ఆ కొండ ఇప్పుడు దీవి. ఈజిప్టులో నైలునది మీద ఆస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు, మూడువేల ఏళ్లకు పైబడిన అబూ సింబెల్ గుళ్లను 1964నుండి 1968వరకు రంపాలతో కోసి, వెయ్యికి పైగా ముక్కలుచేసి, 65 మీటర్లు పైకెత్తి మళ్లీ అమర్చారు. అది కొండను తొలిచిన గుడి కనుక కోయవలసి వచ్చింది. మన గుళ్లను విప్పితే చాలింది.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది పోర్చుగల్ దేశపు కథ. ఆ దేశంలో మన గ్రామపంచాయతీ వంటి చిన్న పాలనాభాగాలున్నవి. పూర్వం ఒక్కొక్క చర్చికి చెందిన ఊరు ఒక్కొక్క భాగం. అందులో లూష్ అనే పేరుగలది ఒకటి. వాళ్ల భాషలో ఆ మాటకు వెలుతురు అని అర్థం. ఊరి జనం కొన్ని వందలే. గ్వాదియానా నదిమీద ఆల్కేవా ఆనకట్ట కట్టి 2002లో తలుపులు మూస్తే లూష్ మునిగింది. కాని ముందే, కొద్ది దూరంలో మరొక లూష్ కట్టి ఉంచారు. ఇంటికి ఇల్లు, వీధికి వీధి. ఎవరి ఇంటిపక్క ఎవరుండేవారో చూసుకొని ఇళ్లు ఇచ్చారు. పాత చర్చివంటి చర్చి కట్టారు. శ్మశానంలోని పెద్దల అస్థికలను కూడా తెచ్చుకున్నారు. ఊరి జ్ఞాపకాలకు ఒక మ్యూజియం పెట్టారు. ఇంత చేసినా అక్కడి ముసలివాళ్లకు కొత్త ఊరు చాలాకాలం పరాయిగానే ఉన్నదట.

సోమశిలకు అంత ఏర్పాటు జరగలేదు. గుడి రాళ్లకు అంకెలు వేశారుగాని ఇళ్లకు వేయలేదు. వేసినా లాభం లేదు. మట్టిగోడల ఇల్లు విప్పితే మట్టే మిగులుతుంది. తలుపులూ, దూలాలూ, దంతెలూ ఊడదీసుకొని బండ్లమీద వేసుకు వచ్చారు. గడపలు తెచ్చుకున్నవారున్నారు. చేను తెచ్చుకున్నవారు లేరు. కృష్ణ ఒండ్రు పడిన నల్లరేగడి చేలు, మోటబావులు, మామిడి చింతచెట్లు నీటి కిందనే ఉండిపోయినవి.

ఊళ్లో ఒక అవ్వతో కాసేపు కూర్చున్నాను. గుడి దగ్గర అరుగుమీద ఆమె చింతగింజలు ఏరుతున్నది. పాత ఊరు ఎక్కడ ఉండేదని అడిగాను. ఆమె చెయ్యెత్తి నీళ్లలోకి చూపించింది.

“గా తెల్లకొంగ వాలింది సూడు బిడ్డా, గాడ్నే మా చింతచెట్టు ఉండె” అన్నది.

నేను కొంగను చూశాను. అది ఏదో తేలుతున్న కొమ్మమీద వాలింది.

“దేవుండ్లను రాయి రాయి మోసుకొచ్చిండ్రు. మంచిదే. చింతచెట్టును ఎవరు తెస్తరు?” అని మళ్లీ గింజలు ఏరడంలో పడింది.

ఈ ప్రాంతంలో మీరు తిరిగితే “తొంభై ఎనిమిది జీవో” అనే మాట చెవిన పడుతుంది. భూములు పోయిన కుటుంబాలలో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలని ప్రభుత్వం 1986లో 98వ సంఖ్య గల ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు పేరే వాళ్లకు ఇంటిపేరు వంటిదయింది. ఉద్యోగాలు కొందరికి వచ్చినవి. రానివారు కాగితాలు జాగ్రత్తగా సంచిలో పెట్టుకొని ఎదురుచూశారు. అట్లా ఎదురుచూస్తూ తాతలైనవారున్నారు. శ్రీశైలం కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్తు తీయగల యంత్రాలున్నవి. మన ఇళ్లలో దీపం వెలిగినప్పుడు అందులో ఎంతో కొంత ఆ చేల వెల ఉన్నదని లెక్క వేసుకోవచ్చు.

ఇంతకూ ఆ నీరు ఎప్పుడూ ఒక్కతీరుగా ఉండదు. వానకాలంలో పైనుండి వరద వస్తే గుడిమెట్ల దాకా వస్తుంది. 2009 అక్టోబరులో వచ్చిన వరదకు శ్రీశైలం దగ్గర మట్టం 885 దాటి 896 అడుగులకు పోయింది. అలంపురం, కర్నూలు నగరం కూడా నీట మునిగినవి. అదే ఎండాకాలం వస్తే నీరు మెల్లగా వెనక్కు పోతుంది. పోతూ పోతూ నున్నని ఒండ్రు వదిలిపోతుంది. భూమి పోగొట్టుకున్నవారిలో కొందరు ఆ తడిమీద విత్తులు చల్లుకొని ఒక పంట తీసుకుంటారు. తమ భూమే, నాలుగు నెలలు అద్దెకు వచ్చినట్టు!

ఒండ్రు మాట వచ్చింది కనుక మరొక ప్రయోగం. ఒక గాజుగ్లాసులో బురదనీరు పోసి చెంచాతో గిరగిర తిప్పండి. తిప్పినంతసేపు మట్టి తేలుతూనే ఉంటుంది. చెంచా తీసి ఆగండి. మట్టి అడుగుకు దిగుతుంది. పారే నది మట్టిని మోస్తుంది, నిలిచిన నది దించుతుంది. శ్రీశైలం జలాశయంలో మొదట సుమారు 308 టి.ఎం.సి.ల నీరు పట్టేది. ఒక టి.ఎం.సి. అంటే నూరుకోట్ల ఘనపుటడుగులు. అడుగున ఒండ్రు పేరుకొని పేరుకొని, తరువాతి సర్వేలో అది సుమారు 215కు తగ్గినట్టు తేలింది. పాత చేలమీద ఏటేటా కొత్త మట్టి పడుతూనే ఉన్నది, దున్నేవారే లేరు.

నీరు బాగా తగ్గి, 840 అడుగుల దిగువకు పోయినప్పుడు, ఎదురుగట్టున ఒక విచిత్రం జరుగుతుంది. తరలించకుండా వదిలేసిన సంగమేశ్వరం గుడి నీళ్లలోనుండి పైకి వస్తుంది. ముందు శిఖరం, తరువాత గోడలు, తరువాత మెట్లు. 1981లో మునిగిన ఈ గుడి 2003లో మళ్లీ మొదటిసారి కనిపించింది. అప్పటినుండి నీరు తగ్గిన ఎండాకాలాల్లో పూజారిగారు వెళ్లి బురద కడిగి దీపం పెడతారు. వరద వచ్చినప్పుడు చివరి పూజచేసి పడవలో వెనక్కు వస్తారు. లోపలి లింగం వేపకొయ్యదని, ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెబుతారు. ధర్మరాజు సంగతి పురాణం తెలిసినవారికి వదిలేద్దాం. కొయ్య నీళ్లలో కుళ్లిపోదా అని మాత్రం మీకు అనుమానం రావాలి. వచ్చిందా? కొయ్యను కుళ్లబెట్టేవి ముఖ్యంగా బూజుజాతి సూక్ష్మజీవులు. వాటికి తడి కావాలి, గాలీ కావాలి. పూర్తిగా నీటి అడుగున, బురదలో ఉన్న కొయ్యకు గాలి అందదు కనుక అవి బతకలేవు. ఇటలీలోని వెనిస్ నగరం వందల ఏళ్లుగా నిలిచి ఉన్నది ఇట్లా బురదలో దిగగొట్టిన కొయ్యమేకుల మీదనే.

గట్టు ఇటూ అటూ అన్నాను గదా, ఈ రెండు గట్లది మరొక తమాషా. నిజాం కాలంలో సోమశిల వైపు హైదరాబాదు రాజ్యం, సంగమేశ్వరం వైపు ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని. ఈ గట్టున హాలీ రూపాయి, ఆ గట్టున కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఇస్తే సుమారు ఆరు కల్దార్లు వచ్చేవి. నది దాటి గొర్రెలు అమ్ముకొనేవాడికి ఈ లెక్క నోటికి వచ్చి తీరాలి. 1953లో ఆవలి గట్టు ఆంధ్రరాష్ట్రంలో చేరింది. 1956 నవంబరు 1న రెండు గట్లూ ఒకే రాష్ట్రమైనవి. 2014 జూన్ 2న మళ్లీ విడిపోయి, ఈ గట్టు తెలంగాణ, ఆ గట్టు ఆంధ్రప్రదేశ్ అయినవి. 2016లో ఈ గట్టు మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూలు జిల్లాకు, 2022లో ఆ గట్టు కర్నూలు నుండి నంద్యాల జిల్లాకు మారినవి. ఇన్ని మారినా రెండు గట్ల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడం మాత్రం ఆగలేదు.

అయితే ఆ రాకపోకలు పడవమీదనే. రోడ్డున పోవాలంటే కర్నూలు మీదుగా వంద కిలోమీటర్లకు పైగా చుట్టు. పడవకు కొద్దిసేపు. అందుకని జనం ఇరుకుగానైనా పడవ ఎక్కేవారు. 2007 జనవరిలో కొల్లాపురం వైపు ఈ నీళ్లలో ఒక పడవ మునిగి 61 మంది చనిపోయారు. వంతెన కావాలని రెండు గట్లవాళ్లూ గట్టిగా అడగడం అప్పటినుండి ఎక్కువయింది. సోమశిలనుండి సిద్ధేశ్వరానికి తీగల వంతెన కట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో సుమారు 1,082 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. తల్లిదండ్రులకు ఒక మాట: పడవ ఎక్కేటప్పుడు పిల్లలకు తేలేకోటు తొడగండి, లేదంటే ఎక్కవద్దు. సిగ్గుపడవలసిన పని కాదు.

మొదట రెండు సోమశిలలున్నవని చెప్పాను. వాటికి చుట్టరికం కూడా ఉన్నది. ఈ జలాశయం నీటిని ఆవలి గట్టున పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి వదులుతారు. తెలుగుగంగ అనే పేరుతో అది వెలుగోడు మీదుగా పోయి పోయి పెన్నమీది సోమశిల జలాశయంలో పడుతుంది. అక్కడనుండి కండలేరు, అక్కడనుండి పూండి, ఆపైన చెన్నపట్నం. 1996లో చెన్నపట్నంవాళ్లు మొదటిసారి ఈ కృష్ణనీరు తాగారు. ఈ గట్టునకూడా ఎల్లూరు దగ్గర పెద్ద పంపులు పెట్టి ఇదే నీటిని కల్వకుర్తి ఎత్తిపోతల పథకంకింద మెట్టచేలకు ఎక్కిస్తున్నారు. ఒక్క సోమశిల మునిగితే ఎందరి కుండలు నిండుతున్నవో చూడండి.

సాయంత్రం నేను పడవ ఎక్కాను. అమరగిరి అనే చెంచుల పల్లె వైపు కొంతదూరం పోయి తిరిగి రావాలని అనుకున్నాం. పడవవాడు పడుచువాడు. ఊరు మునిగిన ఎన్నో ఏళ్లకు పుట్టినవాడు, పాత ఊరును ఎన్నడూ చూడనివాడు. నీళ్లు చల్లగా, గచ్చులాగా కదలకుండా ఉన్నవి. గట్టుమీదనుండి ఎవరో, ఎక్కడున్నావని ఫోన్‌లో అడిగారు. అతడు చుట్టూ చూశాడు. నాకు నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

“ఊర బాయి మీదికెళ్లి పోతున్నం అన్నా” అని అతడు జవాబు చెప్పాడు. “తోపు దాటంగనే మలుపుకుంట.”